కంబళిపట్టి జెల్లీ

"ఇకమీదట నీళ్ళు అబద్ధం చెప్పలేవు!"

ఈ మాట కోవిల్‌పట్టి బస్టాండు ముందర, మైకు కట్టిన ఆటోలోంచి, ఒక సోమవారం పొద్దున పదకొండు గంటలకు లోకానికి వెల్లడయింది. అంతకు ముందు నీళ్ళు అబద్ధాలు చెబుతున్నాయని ఎవరికీ తెలీదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు చేతుల్లోని బాటిళ్ళను ఒకసారి అనుమానంగా చూసుకున్నారు.

ప్రకటన సారాంశం ఇది. నీటి నాణ్యత మంత్రి మాన్యశ్రీ ఇసక్కిపాండి గారు, నీళ్ళలో సీసం ఉందో లేదో చెప్పే సూప్రామాలిక్యులర్ జెల్‌ని తమ అమృతహస్తాలతో కంబళిపట్టి బావిలోకి దించి, ఆ ఊరిని 'సీసం లేని తొలి గ్రామం'గా ప్రకటిస్తారు. పరీక్ష శుక్రవారం. ఫలితం సోమవారానికే పోస్టర్లలో అచ్చయిపోయింది. పక్కనే శివకాశిని పెట్టుకుని ఫలితం కోసం కాచుకోవడమంటే అచ్చాఫీసులను అవమానించినట్టే కదా.

కంబళిపట్టి అనేది కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే దారిలో, నల్లరేగడి మధ్యన, వాన పడితే కాలు వదలని, పడకపోతే కాలు పెట్టనివ్వని నేలలో ఉన్న ఊరు. ఊళ్ళో సగంమంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. ఆ ఊరి పార్టీ శాఖకు కార్యదర్శి రంగసామి. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా జెండాలు కట్టినాడు, శాలువాలు మోసినాడు, ఎవరు మాట్లాడినా ముందుగా చప్పట్లు కొట్టినాడు. దానికి గుర్తింపుగా ప్రతి పోస్టర్లోనూ ఆయన బొమ్మ ఉంటుంది. కింది వరసలో, ఎడమ నుంచి పదిహేడోది, తపాలా బిళ్ళంత. గోడకు పోస్టరు అంటించేటప్పుడు మురుగుకాలవ తాకేది ఆ వరసకే. పైవరసకు ఎక్కాలన్నది రంగసామి జీవితాశయం. యూనియన్ కౌన్సిలర్, అంటే మండల సభ్యుడు, అయితే పైవరస.

మంగళవారం విరుదునగర్ ట్రావెలర్స్ బంగళాలో మంత్రిగారికి ఆ జెల్ సంగతి విన్నవించుకున్నారు. విన్నవించింది కార్తిక. విరుదునగర్‌లోనే ఒక కాలేజీలో రీసెర్చి చేస్తున్న పిల్ల. తల్లి పొన్నమ్మాళ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చి చదివించింది. మూడేళ్ళ కష్టాన్ని ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చి బల్లమీద పెట్టింది. లోపల రూపాయి బిళ్ళంత, లేత పసుపు రంగులో, వణుకుతూ జెల్ ముక్కలు. రంగసామి ఆ వెనకాల ఆరు శాలువాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇందులో అణువులకు పెళ్ళి కాలేదు సార్," అంది కార్తిక. "ఊరికే చేతులు పట్టుకుని నిలబడినాయి, అంతే. దగ్గరికొస్తే వాటంతటవే చేరతాయి. వేడి తగిలితే విడిపోతాయి. చల్లారితే మళ్ళీ చేరతాయి."

మంత్రిగారు కుర్చీలో ముందుకు వంగినారు. "ఇది మన కూటమి కదమ్మా!"

అందరూ నవ్వినారు. రంగసామి శాలువాలు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టినాడు.

"మధ్యలో గూళ్ళుంటాయి సార్. సీసం అయాన్‌కు సరిగ్గా కొలిచి చేసినవి. వేరేవి వస్తాయి, పోతాయి. సీసం మాత్రం వచ్చి కూచుంటే మళ్ళీ లేవదు."

"ఎమ్మెల్యే సీటు," అన్నారు మంత్రిగారు, సైన్సు అర్థమవుతున్న ఆనందంతో.

"కూచోగానే పసుపు పోయి ఎర్రగా అవుతుంది. సీసాన్ని చూపిస్తుంది, పట్టుకుంటుంది కూడా."

"పట్టుకున్నాక ఎవరికి అప్పగిస్తుంది? పోలీసులకా?"

"ఎవరికీ లేదు సార్. తనలోనే పెట్టుకుంటుంది."

"పాపం," అన్నారు మంత్రిగారు. "సరే, ఎర్రగా అయితే ఏం చెయ్యాల?"

"ఆ నీళ్ళు తాగకూడదు. వేరే దారి చూడాల. తామిరబరణి ఏటి నుంచి పైపు లాగాల."

"పసుపుగానే ఉంటే?"

"పైపు అక్కర్లేదు."

మంత్రిగారు, "పసుపే మంచి రంగు. మంగళకరం," అని తీర్పు చెప్పి లేచినారు.

బయట వేపచెట్టు కింద పార్టీ యూనియన్ సెక్రటరీ సతీష్‌కుమార్ రంగసామిని పక్కకు పిలిచినాడు. కంబళిపట్టి బావికి ఇరవై అడుగుల్లో ఉన్న రంగుగుళ్ళ షెడ్డు ఆయనదే. టపాసుల్లో పెట్టి చిటపటమనిపించే ఆ గుళ్ళకు ఎర్ర సీసం పొడి కలుపుతారు. సాయంత్రం తొట్లు కడిగిన నీళ్ళు కాలవలో పడి, కాలవ నీళ్ళు బావి పక్కన ఇంకిపోతాయి. ఇంకి ఎక్కడికి పోతాయన్నది ఊళ్ళో ఎవరూ అడగని ప్రశ్న.

"రంగసామీ, బావి మీద నాకు పూర్తి నమ్మకం ఉండాది," అన్నాడు సతీష్‌కుమార్. "జెల్ మీదే లేదు."

"నాకూ అంతే అణ్ణాచ్చి."

"డబ్బా రేపు నీ ఇంటికి వస్తాది. శుక్రవారం దాకా నీ బాధ్యత. పసుపు పసుపుగానే ఉండాల. ఉంటే కౌన్సిలర్ సీటు విషయం నేను మాట్లాడతా. లేకుంటే..." అని గోడమీది పోస్టర్ వైపు చూసినాడు. కింది వరసను ఎవరో అప్పటికే కొద్దిగా చింపినారు.

రంగసామి ఇంటి పరిస్థితి కూడా చెప్పాల. ఆయన భార్య బొమ్మక్క మూడేళ్ళుగా, బస్సు డబ్బులు కూడినప్పుడల్లా, కలెక్టరాఫీసులో సోమవారం అర్జీ ఇస్తూ ఉంది: మా బావి నీళ్ళు బాగాలేవు, పైపు వెయ్యండి అని. పదకొండు అర్జీలకు పదకొండు రసీదులు ఇచ్చినారు. సర్కారు బాకీ పెట్టుకునే రకం కాదు. వాళ్ళ మనవరాలు పూంగొడికి ఆరేళ్ళు. తరచూ కడుపులో నొప్పి. బడిలో నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదు. కోవిల్‌పట్టి డాక్టరమ్మ రక్తం చూసి, "నీళ్ళు మార్చండి" అంది. రంగసామి మాట జవదాటే మనిషి కాడు. బిందె మార్చినాడు.

బుధవారం మధ్యాహ్నం డబ్బా వచ్చింది. రంగసామి తలుపు గడియ వేసి, గ్లాసులో బావి నీళ్ళు పోసి, ఒక్క బిళ్ళ వేసి, వక్కాకు నములుతూ కూచున్నాడు. నమలడం సగం కాకముందే బిళ్ళ ఆయన నోటి రంగుకు వచ్చింది.

"పనిచేస్తాదే!" అని ఆశ్చర్యపోయినాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో పనిచేసే సర్కారు వస్తువును ఆయన చూడ్డం అదే మొదలు. తర్వాత సతీష్‌కుమార్ మాట గుర్తొచ్చింది.

"ఏమే బొమ్మూ! నువ్వు పండగకు కడల్‌పాసి చేస్తావే, సముద్రం పాచి కాచి గడ్డకట్టిస్తావే, అది ఇంతింత బిళ్ళలు చెయ్యగలవా? పసుపు రంగులో. ఒక డబ్బా."

"ఎవరికి?"

"బావికి."

"బావికి కడల్‌పాసి యెందుకు మామా? దానికేమన్నా సీమంతమా?"

"సర్కారు పని. నీకు తెలీదు."

"నాకేం తెలుస్తాది. సరే, పసుపు రంగు దేంతో వెయ్యాల?"

"వంటింట్లో ఉండేది నువ్వు. పసుపు రంగుకు నన్ను అడగతావా?"

బొమ్మక్క ఆయన్ను ఎగాదిగా చూసింది. గ్లాసులో ఎర్రబిళ్ళను కూడా చూసింది. కొంగు దోపుకుంటూ, "మంత్రి వచ్చేది శుక్రవారం కదా. బావికి వెల్ల వేస్తారా?" అంది.

"వెయ్యక? బి.డి.ఓ. సున్నం మూటలు దించేసినాడు. యెందుకు?"

"ఊరికే. బావి అందంగా ఉండాల కదా." ఆమె ఆ మాట అంటూ నవ్వింది. పెళ్ళినాటి తర్వాత ఆమె అట్లా నవ్వడం రంగసామి చూడలేదు. పార్టీ పని మీద ఇంటిదానికి కూడా గౌరవం కలిగిందని పొంగిపోయినాడు.

"ఈ డబ్బా ఎక్కడన్నా పారేయ్," అని అసలు జెల్ ఆమె చేతికిచ్చినాడు.

"ఇదేం చేస్తాదని చెప్పింది ఆ పిల్ల?"

"పట్టుకుంటాదంట. మళ్ళీ వదలదంట."

"ఓహో," అంది బొమ్మక్క. ఎక్కడ పారేసిందో రంగసామి అడగలేదు. నాయకుడన్నవాడు వివరాల్లోకి పోకూడదు.

గురువారం కంబళిపట్టి తెల్లబడింది. రోడ్డుకు రెండు పక్కలా సున్నపు గీతలు, రాళ్ళకు సున్నం, కరెంటు స్తంభాలకు నడుందాకా సున్నం, తప్పుకోలేకపోయిన ఒక మేకకు కూడా కొంచెం సున్నం. బావికి బయట రెండు పూతలు, లోపల మూడు. "మంత్రిగారు లోపలికి తొంగి చూస్తే?" అని బి.డి.ఓ. గారి దూరదృష్టి. మిగిలిన నాలుగు మూటలు ఎక్కడ పెట్టాలో తెలియక తడిపి బావిలోనే పోయించినారు. బావి లోలోపల నుంచి కూడా మెరవాలన్నది వారి ఉద్దేశం.

శుక్రవారం పదికి రావలసిన మంత్రిగారు ఒంటిగంటకల్లా సమయానికి వచ్చేసినారు. ఉరుమి డోలు మోగింది. అందరూ వరసగా వచ్చి మంత్రిగారి చేతిలో ఒక్కో నిమ్మకాయ పెట్టినారు. ముందు వరసలో బొమ్మక్క, ఆమె మహిళా సంఘం ఆడవాళ్ళు కూచున్నారు. బొమ్మక్క ఒళ్ళో పూంగొడి.

కార్తిక చేతులకు తొడుగులు వేసుకుని డబ్బా మూత తీసింది. ఆగింది. వంగి వాసన చూసింది. "సార్, ఒక్క నిమిషం, ఇది..."

"సైన్సుకు సందేహం ఉంటుంది, ప్రభుత్వానికి ఉండదు!" అని మైకులో అని, మంత్రిగారు బిళ్ళలను చిన్న వలబుట్టలో పోసి తాడుతో బావిలోకి దించినారు. మూడు నిమిషాలు కాచుకోవాల. ఆ మూడు నిమిషాల్లో మంత్రిగారు నలభై నిమిషాల ఉపన్యాసం ఇచ్చినారు.

తర్వాత తాడు లాగినారు.

బుట్ట పైకి వచ్చింది. బిళ్ళలు ఎర్రగా ఉన్నాయి. మామూలు ఎరుపు కాదు. గడపలో కొత్త పెళ్ళికూతుర్ని నిలబెట్టి పళ్ళెంలో తిప్పే నీళ్ళ ఎరుపు.

ఉరుమి ఆగిపోయింది. సతీష్‌కుమార్ రంగసామిని చూసిన చూపుకు రంగసామి పోస్టర్ లోంచి పూర్తిగా రాలిపోయినాడు. ఆయన బుర్ర తిరిగిపోయింది. అసలు జెల్ ఎర్రబడింది, సరే. నకిలీ జెల్లీ కూడా ఎందుకు ఎర్రబడింది? ఈ బావి ముందర సముద్రం పాచి కూడా అబద్ధం చెప్పలేదా?

అంతలో వెనక వరస ఆడవాళ్ళకు ఆ రంగు కంటబడింది. ఆ రంగు చూస్తే వాళ్ళ నాలుక వాళ్ళ మాట వినదు. అలవాటు కొద్దీ కులవ పెట్టినారు. నాలుకలు తిప్పుతూ "ఉలులులు" అని ఊరంతా మారుమోగింది.

బొమ్మక్క పూంగొడిని ఎత్తుకుని లేచి నిలబడింది. "ఎర్రగా అయింది సామీ! అందరూ చూసినారు. టీవీవాళ్ళూ చూసినారు. పైపు ఎప్పుడు వేస్తారు?"

మంత్రిగారికి నిమ్మకాయలు చేతిలోంచి జారినాయి. కార్తిక అప్పటికి డబ్బాలో మిగిలిన పసుపు బిళ్ళను తీసి, నాలుక కొసకు తాకించి చూసింది.

"సార్," అంది, మైకు పక్కనే ఉందని మరిచిపోయి. "ఇది నా జెల్ కాదు. ఇందులో చక్కెర ఉండాది. ఏలక్కాయ కూడా."

ఊరంతటికీ వినబడింది. ఇక్కడే నాయకుడికీ మామూలు మనిషికీ తేడా తెలిసేది. మామూలు మనిషి అయితే కారెక్కి పోయుండేవాడు. మంత్రిగారు డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి నోట్లో వేసుకున్నారు. నమిలినారు. కళ్ళు మూసుకున్నారు. జిల్లా అంతా ఆయన దవడ వైపు చూస్తూ నిలబడింది.

"బాగుంది," అన్నారు.

రంగసామి చప్పట్లు కొట్టినాడు.

"తల్లులారా! మిగతా చోట్ల ప్రభుత్వాలు నీళ్ళను పరీక్ష మాత్రమే చేస్తాయి. మన ప్రభుత్వం పరీక్ష చేస్తుంది, తినడానికీ పెడుతుంది! ఎర్రగా ఎందుకయిందని ఈ అమ్మ అడుగుతోంది. మీరే చెప్పండి. పసుపులో సున్నం కలిస్తే ఏమవుతుంది?"

"ఆరతీ!" అని ఆడవాళ్ళు ఒక్క గొంతుతో అరిచినారు.

"ఎవరికి?"

"మీకూ!"

"ఈ బావి నాకు ఆరతి తీసింది!" అన్నారు మంత్రిగారు, బావి వైపు చేతులు జోడించి. "ఆరతి తీసిన చెయ్యి విషం పెడుతుందా? కంబళిపట్టి సీసం లేని తొలి గ్రామం!"

మళ్ళీ కులవ లేచింది. బొమ్మక్క మాత్రం పెట్టలేదు. పిల్ల తల నిమురుతూ కూచుండిపోయింది.

వేదిక మీదే రెండు ప్రకటనలు వచ్చినాయి. జిల్లాలోని అన్ని ఊళ్ళ బావులనూ మూడు నెలల్లో ఈ జెల్లీతోనే పరీక్ష చేస్తారు. జెల్లీ చేసి ఇచ్చే బాధ్యత బొమ్మక్క మహిళా సంఘానిది. ఉత్పత్తికి రూల్సు కార్తిక రాసి సంతకం పెట్టాల. "నేను పెట్టను సార్," అంది కార్తిక. "పెట్టకపోతే ఇంకొకరు పెడతారమ్మా. కానీ రూల్సు కూడా వాళ్ళే రాస్తారు," అన్నారు మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా.

మధ్యాహ్నం రంగసామి ఇంటి అరుగు నిండా పార్టీ మనుషులు. కార్తిక ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింట్లోకి పోయింది.

"నా డబ్బా ఎక్కడ అవ్వా? మూడేళ్ళ పని అది."

బొమ్మక్క తాగేనీళ్ళ బిందె మూత తీసింది. అడుగున, తెల్లటి గుడ్డలో కట్టి, దానిమ్మగింజల రంగులో జెల్ బిళ్ళలు.

"బుధవారం నుంచి పాపకు ఈ బిందె నీళ్ళే పోస్తా ఉండా. పట్టుకుంటాది, వదలదు అన్నావంట కదా."

"అయ్యో అవ్వా! తాగేదాంట్లో వెయ్యొచ్చని నేనింకా నిరూపించలేదే."

"నువ్వు నిరూపించే దాకా దాహం ఆగతాదా తల్లీ?"

కార్తిక గుడ్డ మూట పైకి తీసి బిళ్ళలను వెలుతుర్లో పెట్టి చూసింది. "నిండిపోయినాయి. ఇంక పట్టవు."

"అయితే ఇంకో డబ్బా ఇయ్యి."

"ఇంకోటి లేదు అవ్వా. చెయ్యాలంటే మళ్ళీ ఆరు నెలలు."

అరుగు మీదికి ఆ తర్వాత కొన్ని మాటలే వినబడినాయి. "ఆ రూల్సు నువ్వే రాస్తావా?" అని బొమ్మక్క గొంతు. "రాయమన్నారు," అని ఆ పిల్ల గొంతు. "రాస్తే చదివేది ఎవరు?" "ఎవరూ చదవరు అవ్వా." "అయితే బాగా రాయి."

ఆడవాళ్ళు వంటల గురించి మాట్లాడుకుంటున్నారని రంగసామి అందరికీ చెప్పినాడు.

మూడు నెలల్లో పథకం దిగ్విజయమైంది. కారియాపట్టి నుంచి తిరుచ్చులి దాకా ఏ బావిలో దించినా జెల్లీ పసుపుగానే వచ్చింది. రూల్సులో మూడోది, మంత్రిగారు స్వయంగా చెప్పి రాయించింది: పరీక్షకు ముందు నెల రోజులు బావికి సున్నం కొట్టరాదు. పరీక్ష స్థలానికి వంద మీటర్ల లోపల వక్కాకు సంచి కూడా నిషేధం. జిల్లాలో సీసమన్నదే లేదని అసెంబ్లీలో ప్రకటించినారు. రంగసామి కౌన్సిలర్ అయినాడు. పోస్టర్లో పైవరస, పాస్‌పోర్ట్ సైజు.

రూల్సులో ఏడోది కూడా ఉంది. మంత్రిగారు సంతకం పెట్టిన రోజు పుస్తకం దళసరిని మెచ్చుకున్నారు కాబట్టి అది అందరి కంటా బడలేదు. జెల్లీ ఆహార పదార్థం కనక, ఉత్పత్తికి తామిరబరణి నీళ్ళు మాత్రమే వాడాల. రోజుకొక లారీ. ఉత్పత్తి కేంద్రం ఉన్న ఊరి నీళ్ళు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

లారీ రోజూ పొద్దున ఏడుకు వస్తుంది. జెల్లీకి పట్టేది నాలుగు బిందెలు. మిగతా నీళ్ళకు లారీ వెనక ఊరంతా బిందెలతో నిలబడుతుంది. నీళ్ళ సరఫరా ఇంజనీరును సతీష్‌కుమార్ ఫోనులో గట్టిగానే నిలదీసినాడు. "సీసం లేదని సర్టిఫికెట్టు ఇచ్చిన ఊరికి నీళ్ళ లారీ ఏమయ్యా?"

"ఊరికి కాదు సార్," అన్నాడు ఇంజనీరు. "జెల్లీకి."

మొన్న ఒక మధ్యాహ్నం సతీష్‌కుమార్ రంగసామి ఇంటికి వచ్చినాడు, కొత్త పోస్టర్ సంగతి మాట్లాడ్డానికి. ఎండన పడి వచ్చినాడు. హాల్లో గోడమీద బంగారు ఫ్రేములో 'సీసం లేని తొలి గ్రామం' సర్టిఫికెట్టు. దాని కింద కుర్చీలో కూచున్నాడు. పూంగొడి గుమ్మంలో కూచుని ఎక్కాలు ఒప్పగిస్తూ ఉంది. ఏడో ఎక్కం దాకా తప్పు లేకుండా వచ్చేసింది.

"ఏమే, అణ్ణాచ్చికి తాగడానికి నీళ్ళు," అని రంగసామి కేకేసినాడు.

వంటింట్లోంచి బొమ్మక్క అడిగింది: "ఏ నీళ్ళు మామా? సర్టిఫికెట్టు నీళ్ళా, జెల్లీ నీళ్ళా?"

రంగసామి యూనియన్ సెక్రటరీ మొహం చూసినాడు. సతీష్‌కుమార్ తలెత్తి సర్టిఫికెట్టును చూసినాడు. కిటికీలోంచి తన షెడ్డును చూసినాడు. వీధిలో ఎవరైనా ఉన్నారేమో చూసినాడు.

"జెల్లీ నీళ్ళే," అన్నాడు గొంతు తగ్గించి. "పోయేటప్పుడు ఇంటికి కూడా రెండు క్యాన్లు పట్టించు రంగసామీ. కారు డిక్కీ తెరిచే ఉంది."